గుఱ్ఱమెక్కిన బాలలు

1952వ సంవత్సరము జులై మాసాంతమున ఫిన్లండు రాజధానియైన హెల్సింకీ నగరములో ఒలింపిక్ క్రీడలు జరుగుచుండగా, అశ్వారోహణ రంగమున ఒక అపూర్వమైన దృశ్యము కనుపించినది. రెండవ బహుమతి గెలుచుకొన్న విజేత తన గుఱ్ఱము మీదినుండి తానుగా దిగలేకపోయినది. మొదటి బహుమతి గెలిచిన స్వీడను దేశపు సైనికాధికారి హెన్రి సెంట్ సీర్ ఆమె చెంతకు వచ్చి, దిగుటకు సాయపడి, బహుమతి పీఠము మీదికి చేర్చినాడు. గుఱ్ఱముపై ఉన్నంతసేపు ఆమెలో ఏ లోపమును న్యాయనిర్ణేతలకు కనుపట్టలేదు. నేలమీద కాలు మోపవలసి వచ్చినప్పుడే మఱియొకరి భుజము కావలసి వచ్చినది. ఆమె పేరు లిస్ హార్టెల్. డెన్మార్కు దేశస్థురాలు. ఎనిమిది సంవత్సరములకు పూర్వము పోలియో వ్యాధి సోకి ఆమె కాళ్ళు మోకాళ్ళ క్రిందుగా చచ్చుబడినవి.

ఈ ఉదంతమును ఇప్పుడు తలచుకొనుటకు ఒక కారణమున్నది. నడువలేని పిల్లలను, నిలువుగా కూర్చుండలేని పిల్లలను, నోట మాట రాని పిల్లలను గుఱ్ఱములపై ఎక్కించి నెమ్మదిగా నడిపించుచు చికిత్స చేయు పద్ధతి యొకటి నేడు అనేక దేశములలో వాడుకలో ఉన్నది. ఆ పద్ధతిని హార్టెల్ కనిపెట్టలేదు. కాని వైద్యులును, తల్లిదండ్రులును దానివంక తలత్రిప్పి చూచునట్లు చేసినది ఆమెయే. ఆ కథ ఎట్లు మొదలైనదో, ఎంతదూరము వచ్చినదో, అందులో ఎంత నిజమున్నదో మనమిప్పుడు విచారింతము.

గుఱ్ఱము మన కండ్లకు సాధారణముగా రాజసమునకు, యుద్ధమునకు, వేగమునకు గుర్తు. పెండ్లికొడుకును ఊరేగించుటకు గుఱ్ఱము. సామాన్యునికి ఎఱుకైనది జట్కాబండికి కట్టిన గుఱ్ఱము. గుఱ్ఱమునకు రోగము వచ్చినచో ఏమి చేయవలెనో మన పూర్వులు శాస్త్రములే వ్రాసినారు. శాలిహోత్రుని పేరు అశ్వవైద్యమునకే పర్యాయపదమైనది. పాండవులలో నకులుడు అశ్వవిద్యలో ఆరితేరినవాడని భారతము చదివిన పిల్లలకు సైతము తెలియును. అమరకోశము గుఱ్ఱపు గతులను ఐదు ధారలుగా విభజించి వేఱువేఱు పేళ్ళు పెట్టినది. ఇంత శ్రద్ధతో గుఱ్ఱమును గమనించిన జాతి మఱియొకటి అరుదు. అయినను మనుష్యునికి గుఱ్ఱమే వైద్యము కాగలదన్న ఊహ విస్తరించినది ఐరోపాలోనే.

పదునేడవ శతాబ్దిలో ఇంగ్లండునందు గొప్ప వైద్యుడని పేరుపడిన థామస్ సిడెన్‌హామ్ స్వారిని పెక్కు రోగములకు మందుగా చెప్పినాడు. క్షయరోగికి సైతము గుఱ్ఱపు స్వారి మేలు చేయునని అతని విశ్వాసము. 1705లో ఫ్రాన్సిస్ ఫుల్లర్ అను నతడు వ్యాయామమే ఔషధమని ఒక గ్రంథము వ్రాసి, అందులో స్వారికి పెద్దపీట వేసినాడు. 1780లో ఫ్రెంచి వైద్యుడు టిస్సో స్వారి గుణములతోపాటు అతిగా స్వారి చేయుటవలన కలుగు కీడును గూడ చెప్పినాడు. గుఱ్ఱపు గతులలో నడకయే శరీరమునకు అన్నిటికంటె హితకరమని అతడు గ్రహించుట మనము గుర్తుంచుకొనదగిన విషయము. ఇప్పటి చికిత్సలో పిల్లవాడు స్వారి చేయునది చాలవఱకు నడకమీదనే.

ఆ కాలపు ధనికుల ఇండ్లలో ఒక వింత కుర్చీ ఉండెడిది. తోలు తొడిగిన పీఠము, దానిలో తీగచుట్టలు, ఇరువైపుల పట్టుకొనుటకు కొయ్యపిడులు. దానిపై కూర్చుండి పైకి క్రిందికి ఊగినచో గుఱ్ఱమెక్కిన ఫలమే కలుగునని వారి నమ్మకము. దానిని గదిగుఱ్ఱమని పిలిచెడివారు. మెథడిస్టు మతశాఖ స్థాపకుడు జాన్ వెస్లీకి అట్టిదొకటి ఉండినది. లండనులో ఆయన నివసించిన ఇంటిలో గదిగుఱ్ఱమును భద్రపఱచినారు. జీవితకాలమంతయు గుఱ్ఱము మీదనే దేశమంతట తిరిగి బోధచేసిన మనిషి ఇంట్లో గూడ గుఱ్ఱము దిగలేదన్నమాట! నవ్వు వచ్చినను, ఆ కుర్చీ చేసినవారు ఒక సత్యమును తాకినారు. మేలు చేయునది గుఱ్ఱపు కదలికయేనని వారు కనిపెట్టినారు. కాని ఆ కదలిక పైకి క్రిందికి మాత్రమే ఉండునని వారు పొరపడినారు. దానిని గుఱించి తరువాత చెప్పుదుము.

ఈ వైద్యులందఱు చెప్పినది గుఱ్ఱము కలవానికి, గుఱ్ఱమెక్కగలవానికి. నడుము నిలువని బిడ్డను గుఱ్ఱమెక్కింపవచ్చునని వారికి తోచియుండదు. కుంటివాడు, పక్షవాతరోగి స్వారికి అనర్హుడన్నది లోకమంతట స్వతస్సిద్ధమైన అభిప్రాయము. స్వారి బలవంతుల విద్య. అందునను ఐరోపాలో అది సైనికాధికారుల సొత్తు.

ఎంతవఱకు సొత్తో చెప్పుటకు 1948 నాటి లండను ఒలింపిక్ క్రీడల ఉదంతము చాలును. డ్రెస్సాజ్ అను పోటీలో, అనగా రౌతు ఇచ్చు సూక్ష్మమైన సంకేతములను గ్రహించి గుఱ్ఱము నాట్యమువలె అడుగులు వేయు పోటీలో, అధికారహోదా గల సైనికులు తప్ప సైన్యములోని ఇతరులు పాల్గొనరాదు. స్త్రీల మాట అడుగనే అక్కఱలేదు. ఆ యేడు స్వీడను జట్టు మొదటి బహుమతి గెలిచినది. జట్టులోని గెనాల్ పెర్సన్ అనునతడు నిజమునకు సార్జెంటు. క్రీడలకొఱకు అతనికి తాత్కాలికముగా అధికారపదవి ఇచ్చి, క్రీడలు ముగిసిన కొలది దినములకే మరల సార్జెంటును చేసినారు. ఈ సంగతి బయటపడగా 1949లో స్వీడను జట్టు పతకమును లాగికొని ఫ్రాన్సుకు ఇచ్చినారు. గుఱ్ఱమునకు రౌతు భుజము మీది బిళ్ళలతో ఏమి పని? ఈ రచ్చ జరిగినందువలన నియమమే మాఱినది. 1952 నాటికి హోదా లేని సైనికులకు, సైన్యముతో సంబంధము లేని పౌరులకు, స్త్రీలకు గూడ డ్రెస్సాజ్ రంగము తెఱచినారు. పెర్సన్ ఆ యేడు న్యాయముగనే స్వర్ణపతకము గెలిచినాడు. తెఱచిన ఆ తలుపునుండియే నలుగురు స్త్రీలు లోనికి వచ్చినారు. వారిలో ఒకతె లిస్ హార్టెల్.

ఆమె 1921 మార్చి 14న కోపెన్‌హాగన్ నగరమునకు ప్రక్కనున్న హెల్లెరుప్‌లో జన్మించినది. తల్లి ఎల్స్ హోల్స్ట్ స్వారి నేర్పుటలో దిట్ట. కూతురికి తొలి గురువు ఆమెయే. 1943లోను, 1944లోను హార్టెల్ డెన్మార్కు దేశపు డ్రెస్సాజ్ విజేతయైనది. అదే 1944 సెప్టెంబరులో, ఇరువది మూడేండ్ల వయస్సున, రెండవ బిడ్డను కడుపున మోయుచుండగా పోలియో సోకినది. దేహమంతయు స్వాధీనము తప్పినది. ఆ స్థితిలోనే ఆరోగ్యవంతమైన ఆడుబిడ్డను ప్రసవించినది.

తరువాతి కథ ఓర్పు కథ. ముందు చేయి ఎత్తుట, తరువాత ప్రాకుట, తరువాత చంకకఱ్ఱలతో నిలుచుట. తనకు పుట్టిన పసిబిడ్డయు, తానును ఒక్కసారియే ప్రాకుట నేర్చుకొన్నట్లైనది. వైద్యులు చంకకఱ్ఱలతో నడువగలిగినంతనే మహాభాగ్యమనుకొన్నారు. ఆమె గుఱ్ఱమెక్కెదనన్నది. జూబిలీ అను ఆడుగుఱ్ఱము మీద ఆమెను ఇతరులు ఎత్తి కూర్చుండబెట్టవలసి వచ్చెడిది. మొదట జాఱి క్రిందపడినది. తొడలకు కొంత బలము తిరిగి వచ్చినది గాని మోకాళ్ళ క్రింద ఎన్నడును రాలేదు.

ఇక్కడ డ్రెస్సాజ్ విద్యను గుఱించి ఒక మాట చెప్పవలెను. రౌతు మాటాడరాదు. గుఱ్ఱమునకు ఆజ్ఞ అందునది ముఖ్యముగా పిక్కలనుండియు, మడమలనుండియు. ఆ రెండును హార్టెల్‌కు లేవు. అందుచేత ఆమె నడుము వాల్చుట, బరువును ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు మార్చుట అను రెండు ఉపాయములతోనే గుఱ్ఱముతో మాటాడుట నేర్చినది. జూబిలీ ఆ క్రొత్త భాషను నేర్చుకొన్నది. రౌతు కొద్దీ గుఱ్ఱమని మన సామెత. ఈ సందర్భములో గుఱ్ఱము కొద్దీ రౌతు అనినను తప్పులేదు. 1947లో స్కాండినేవియా దేశముల పోటీలో ఆమె రెండవ స్థానము పొందినది.

హెల్సింకీలో సెంట్ సీర్‌కు 561 గుణములు, హార్టెల్‌కు 541.5, మూడవవాడైన ఫ్రాన్సు దేశపు ఆంద్రె జూసోమ్‌కు 541 వచ్చినవి. అర గుణము తేడాతో రజతపతకము. నాలుగు సంవత్సరముల తరువాత ఒలింపిక్ క్రీడలు మెల్‌బోర్న్‌లో జరిగినవి గాని, ఆస్ట్రేలియాలో విదేశపు పశువుల ప్రవేశమునకు కఠినమైన నిబంధనలు ఉండుటచేత గుఱ్ఱపు పోటీలను మాత్రము 1956 జూనులో స్టాక్‌హోమ్ నగరమున జరిపినారు. అక్కడను సెంట్ సీర్‌కే స్వర్ణము, హార్టెల్‌కే రజతము. ఈ మాఱు ఇరువురి నడుమ తేడా పది గుణములు మాత్రమే. ఒక విశేషము. ఆమె పోటీ చేసినది వికలాంగుల తరగతిలో కాదు. అట్టి తరగతియే అప్పుడు లేదు. కాళ్ళు రెండును చక్కగానున్న పురుషులతో సరిసమానముగా నిలిచి ఆమె గెలిచినది.

హెల్సింకీ వార్త ఊరక క్రీడావార్తగా పోకుండుటకు కాలము గూడ ఒక కారణము. ఆమె పతకముతో వచ్చిన ఆ వేసవిలోనే కోపెన్‌హాగన్ నగరమును పోలియో మహమ్మారి కబళించినది. జులై నెలాఖరునుండి డిసెంబరు మొదటివఱకు బ్లెగ్డామ్ ఆసుపత్రికి పోలియో రోగులు రెండు వేల ఏడు వందలకు పైగా వచ్చినారు. వారిలో పెక్కుమంది పిల్లలు. ఊపిరి తీయు కండరములు చచ్చుబడినవారికి శ్వాస ఆడించుటకు తగినన్ని యంత్రములు లేవు. మొదటి మూడు వారములలో అట్టివారు 31 మంది చేరగా 27 మంది మరణించినారు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుడు గొంతులో రంధ్రము చేసి, గొట్టము దించి, రబ్బరు సంచిని చేతితో పిసికి గాలి పంపు ఉపాయము చెప్పినాడు. సుమారు 1500 మంది వైద్యవిద్యార్థులు వంతులవారిగా రాత్రింబవళ్ళు రోగుల ప్రక్కన కూర్చుండి ఆ సంచులను పిసికినారు. ఎందఱో బ్రతికినారు.

బ్రతికినారు సరే. తరువాత? కాలు ఈడ్చుచు, వెన్ను వంగి, చేయి లేవక, కొన్ని వందల మంది పిల్లలు ఇండ్లకు తిరిగివచ్చినారు. వారి తల్లుల కండ్లయెదుట, వారి ఊరిలోనే, అదే వ్యాధి సోకిన ఒక స్త్రీ ఒలింపిక్ పతకముతో ఉన్నది. గుఱ్ఱపు చికిత్స ఆ దేశములో వేరూనుటకు ఇంతకంటె వేఱు హేతువు వెదకనక్కఱలేదని మా అభిప్రాయము. కోపెన్‌హాగన్‌లో ఫిజియోథెరపీ వృత్తిలోనున్న ఉల్లా హార్పోత్ రోగులకు స్వారిని ఒక సాధనముగా చేసికొన్నది. హార్టెల్ ఆమెకు తోడు నిలిచినది. పొరుగు దేశమైన నార్వేలో ఎల్సెబెత్ బొట్కెర్ అను మఱియొక ఫిజియోథెరపిస్టు పొట్టిజాతి గుఱ్ఱములమీద వికలాంగులైన పిల్లలను ఎక్కించుట ఆరంభించినది. వీరు వైద్యశాస్త్ర చరిత్రలో పెద్ద పేళ్ళు కారు. రోజూ పిల్లల కాళ్ళను చేతులతో పట్టి చూచినవారు.

అక్కడనుండి ఈ పద్ధతి బ్రిటనుకు ప్రాకినది. ఆ దేశములో ఊరూర గుఱ్ఱములుండుటయు, గుఱ్ఱమును ప్రేమించు గృహిణులు తీరికగా ఉండుటయు దానికి కలిసివచ్చినవి. ఒక్కొక్క ఊరిలో విడివిడిగా పుట్టిన బృందములను కలిపి 1964లో ఒక సలహామండలి ఏర్పాటైనది. 1969లో అదే వికలాంగుల స్వారి సంఘముగా రూపొందినది. 1971లో రాజకుమారి ఆన్ దానికి పోషకురాలైనది. ఆమె కేవలము పేరిచ్చి ఊరకున్నది కాదు. తానే ఉత్తమశ్రేణి ఆశ్వికురాలు, 1976 మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో పాల్గొన్నది. అదే 1969లో అమెరికా దేశమునందు ఉత్తర అమెరికా సంఘము స్థాపితమైనది, కెనడాలో టొరంటో నగరమున మఱియొకటి వెలసినది. జర్మనీలో ఇందుకై 1970లో ఒక జాతీయ సంస్థ ఏర్పడినది.

జర్మను భాషా దేశములవారి పోకడ బ్రిటనువారి పోకడకు భిన్నము. ఇంగ్లీషువారు పిల్లవానికి స్వారి నేర్పవలెనన్నారు. కళ్ళెము పట్టుట, గుఱ్ఱమును త్రిప్పుట, ఆటలాడుట, చేతనైనంతలో రౌతు కావలెను, అందులోని ఆనందమే మందు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లండు దేశములవారు పిల్లవాడు ఏమియు నేర్వనక్కఱలేదన్నారు. వాడు ఊరక కూర్చుండవలెను, గుఱ్ఱమును మఱియొకరు నడిపింతురు, గుఱ్ఱపు కదలికయే వాని శరీరముపై పనిచేయును. ఈ రెండవదానికి హిప్పోథెరపీ అని పేరు. గ్రీకు భాషలో హిప్పోస్ అనగా గుఱ్ఱము. నీటిగుఱ్ఱమునకు ఇంగ్లీషులో ఉన్న పేరులోని హిప్పోయు ఇదియే కనుక, ఈ మాట విని భయపడిన తల్లులుండినచో తప్పు వారిది కాదు!

కదలిక శరీరముపై ఎట్లు పనిచేయునో కొంచెము వివరముగా చూతము. మనము నడుచునప్పుడు కటిభాగము మూడు విధముల కదలును. ముందు వెనుకలకు కదలును, కుడి ఎడమలకు ఒఱగును, కొంచెము తిరుగును. ఎన్నడును నడువని పిల్లవాని నడుమునకు ఈ కదలిక అనుభవములోనే లేదు. వాని మెదడునకు ఆ పాఠము అందనే లేదు. గుఱ్ఱము నడుచునప్పుడు దాని వీపు సరిగా ఈ మూడు దిక్కులలోను కదలుచు, పైనున్నవాని కటిని గూడ అట్లే కదలించును. నిమిషమునకు సుమారు నూరడుగులు అనుకొన్నచో అరగంటలో మూడువేల అడుగులు. నడువలేని బిడ్డ నడుము మూడువేల మార్లు నడక పాఠము చదువుకొన్నదన్నమాట. ఏ ఫిజియోథెరపిస్టు చేతులతో అన్ని మార్లు ఆ కదలిక కలిగింపగలదు? వెస్లీగారి గదిగుఱ్ఱమునకు తీగచుట్టలు ఎగురుట ఒక్కటే వచ్చును. ఈ త్రివిధగతి రాదు.

మస్తిష్క పక్షవాతము గల పిల్లలకు తొడలు లోనికి బిగిసి కత్తెరవలె పడియుండును. గుఱ్ఱపు వీపు వెడల్పునకు ఆ తొడలు విడివడి కూర్చుండవలెను. గుఱ్ఱపు శరీరము మనకంటె సుమారు ఒక డిగ్రీ వెచ్చన. జీను తీసివేసి పలుచని కంబళి మాత్రము పఱచినచో ఆ వేడి తొడలకు తగిలి బిగువు మెల్లగా సడలును. పడకుండుటకై వెన్ను తానే నిలుచుటకు యత్నించును. గుఱ్ఱము ఆగినప్పుడు, కదలినప్పుడు, మలుపు తిరిగినప్పుడు మరల మరల సర్దుకొనవలెను. కొన్నిమార్లు పిల్లవానిని తోకవైపు ముఖము పెట్టించియు కూర్చుండబెట్టుదురు. చూచువారికి అది వినోదము. వాని వెన్నునకు అది కష్టమైన లెక్క.

ఒక్క పిల్లవానికి ముగ్గురు మనుష్యులు కావలెను. ఒకరు గుఱ్ఱపు పగ్గము పట్టి నడిపింపవలెను. ఇద్దఱు చెఱియొక ప్రక్కను నడచుచు, పిల్లవాని తొడమీద చేయి వేసి పట్టుకొనవలెను. చక్రముల కుర్చీనుండి ఎక్కించుటకు ఏటవాలుగా కట్టిన అరుగు ఉండవలెను. తలకు శిరస్త్రాణము తప్పదు. గుఱ్ఱము వయస్సు మీఱినదైనను ఫరవాలేదు, శాంతము ముఖ్యము. పిల్లవాడు ఒక్కసారిగా కేకవేసినను, చేతులు కొట్టినను, జుట్టు పట్టి లాగినను బెదరరాదు. ఇట్టి గుఱ్ఱమును ఎన్నుకొని తీర్చుటకే నెలలు పట్టును. పందెపు గుఱ్ఱము దీనికి పనికిరాదు.

ఇంతవఱకు చెప్పినదంతయు వినసొంపుగా ఉన్నది. కాని వినసొంపైనదంతయు నిజము కానక్కఱలేదు. బిడ్డ గుఱ్ఱముపై నవ్వినాడన్నది చికిత్స పనిచేసినదనుటకు సాక్ష్యము కాదు. ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులు అడిగినారు. 2003లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధన చాల ముచ్చటైనది. మస్తిష్క పక్షవాతము గల 15 మంది పిల్లలను తీసికొని, కొందఱిని ఎనిమిది నిమిషములు నడుచు గుఱ్ఱముపైనను, కొందఱిని ఎనిమిది నిమిషములు కదలని పీపాపైనను కూర్చుండబెట్టినారు. ముందు వెనుకల వారి కండరముల పనిని విద్యుత్పరికరములతో కొలిచినారు. కుడి ఎడమ కండరముల పనిలో గల వ్యత్యాసము గుఱ్ఱమెక్కినవారిలో ఎంతో తగ్గినది, పీపా ఎక్కినవారిలో తగ్గలేదు. తొడలు విడదీసి కూర్చుండుట మాత్రమే చాలదని, కదలిక కావలెనని దీనివలన తేలినది. కాని ఇది ఎనిమిది నిమిషముల సంగతి. ఎనిమిది నెలల తరువాత ఏమగునో ఆ కొలత చెప్పదు.

2009లో ఆస్ట్రేలియానుండి వెలువడిన పరిశోధన మఱింత పెద్దది. నాలుగు మొదలు పండ్రెండేండ్ల వయస్సు గల 99 మంది పిల్లలను చీట్లు వేసినట్లు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పదివారములు స్వారి చేయించినారు. చివర కొలిచి చూడగా నడక మొదలగు శక్తులలోను, జీవనసౌఖ్యములోను చెప్పుకొనదగినంత భేదము కనుపింపలేదు. స్వారిని ప్రచారము చేయువారు ఈ ఫలితమును సాధారణముగా చెప్పరు. చెప్పుట న్యాయమని మేమనుకొందుము. పదివారములు చాలకపోయి యుండవచ్చును. కొలతబద్దకు అందని మేలు ఉండవచ్చును. ఉండవచ్చును అన్నమాట వేఱు, ఉన్నది అన్నమాట వేఱు.

పోలియో అడుగంటుకొలది గుఱ్ఱపు శాలలకు వచ్చు పిల్లలు గూడ మాఱినారు. డెన్మార్కు 1955లోనే సాల్క్ టీకాను పిల్లలకు వేయ మొదలుపెట్టినది. మన భారతదేశమునకు ఆ విముక్తి చాల ఆలస్యముగా వచ్చినది. సహజమైన పోలియో కడపటిసారి మన దేశములో కనుపించినది 2011 జనవరిలో, పశ్చిమ వంగమునందలి హౌరా జిల్లాలో. 2014 మార్చిలో గాని మన ప్రాంతము పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటింపలేదు. ఒక తరమునకు ముందు మన ఊళ్ళలో కాలు ఈడ్చు పిల్లవాడు లేని బడి లేదు. వారిలో ఎవరికిని గుఱ్ఱము దొరకలేదు. కొందఱికి చంకకఱ్ఱయు దొరకలేదు.

ఇప్పుడు ఇతర దేశములలో గుఱ్ఱము చెంతకు వచ్చువారిలో ఆటిజం గల పిల్లలు ఎక్కువ. వారికి కాళ్ళు బాగుగనే ఉండును. కష్టము మాటలోను, చూపులోను, ఇతరులతో మెలగుటలోను. 2015లో అమెరికాలోని కొలరాడో పరిశోధకులు ఆఱు మొదలు పదునాఱేండ్ల వయస్సు గల 127 మందిపై పదివారముల పరీక్ష జరిపినారు. ఒక జట్టు గుఱ్ఱమెక్కినది. రెండవ జట్టు అదే శాలకు వచ్చి, అవే పాఠములు విని, నిజమైన గుఱ్ఱమునకు మాఱుగా నిలువెత్తు బొమ్మగుఱ్ఱముతో పనిచేసినది. గుఱ్ఱమెక్కిన పిల్లలలో చిరాకు, నిలుకడలేమి తగ్గినవి. వారు పలికిన మాటలు పెరిగినవి. బొమ్మగుఱ్ఱమును చేర్చుటలో ఆ పరిశోధకుల నిజాయితీ మెచ్చదగినది. శాలకు పోవుట, క్రొత్తవారితో కలియుట, శ్రద్ధ చూపుట వలన కలుగు మేలును గుఱ్ఱము ఖాతాలో వ్రాయకుండ జాగ్రత్తపడినారు.

అందఱు పిల్లలును గుఱ్ఱమెక్కదగరు. డౌన్ లక్షణములు గల కొందఱిలో మెడలోని మొదటి రెండు పూసల నడుమ పట్టు వదులుగా ఉండును. అట్టివారికి స్వారి ప్రమాదకరము. ఎముకలు పెళుసైనవారికి, తుంటి కీలు తప్పినవారికి, అదుపులో లేని మూర్ఛ గలవారికి వైద్యుడు చూచి చెప్పనిదే గుఱ్ఱము దగ్గఱకు పోరాదు. సముద్రతీరమున రూపాయలు తీసికొని పిల్లలను త్రిప్పు గుఱ్ఱములున్నవి కదా అని బిడ్డను ఎక్కించుట చికిత్స కాదు. గుఱ్ఱము తెలిసినవాడును, బిడ్డ శరీరము తెలిసినవాడును ఒకచోట ఉండవలెను. మన దేశములో ఈ ఇద్దఱును వేఱువేఱుగా ఉన్నారు. హైదరాబాదులోనే మలక్‌పేట పందెపు మైదానము ఉన్నది, జాతీయ పోలీసు అకాడమీలో యువాధికారులకు స్వారి నేర్పు ఏర్పాటున్నది. గుఱ్ఱమును ఎఱిగినవారికి మనలో కొఱత లేదు. ఒక్క బిడ్డకు ముగ్గురు మనుష్యులను, ఒక శాంతమైన గుఱ్ఱమును, దాని దాణాను వారము వారము సమకూర్చు ఓపిక ఎవరికున్నదన్నదే ప్రశ్న. ఇంగ్లండులో ఆ పని ఎక్కువగా జీతము లేని స్వచ్ఛందసేవకుల చేతులమీదుగా నడచినది.

1980లో ఆఱేండ్ల బాలుడొకడు లండనులో ప్రధానమంత్రి నివాసమునకు సాహసబాలల బహుమతి నందుకొనుటకు వచ్చినాడు. పుట్టుకతోనే కీళ్ళు బిగిసి కాళ్ళుచేతులు వంకరలైనవి. మెట్లెక్కలేని ఆ పిల్లవానిని మార్గరెట్ థాచర్ స్వయముగా ఎత్తుకొని మెట్లపైకి తీసికొనిపోయినది. ఆ బాలుడు లీ పియర్సన్. 1996లో అట్లాంటా నగరమున పారాలింపిక్ క్రీడలలో డ్రెస్సాజ్ ప్రవేశించినది. 2000 సంవత్సరమున సిడ్నీలో పియర్సన్ మూడు స్వర్ణములు గెలిచినాడు. టోక్యో నాటికి అతని స్వర్ణపతకములు పదునాలుగు.

లిస్ హార్టెల్ 2009 ఫిబ్రవరి 12న ఎనుబది యేడేండ్ల వయస్సున కన్నుమూసినది. హెల్సింకీలో ఆమెను పీఠమెక్కించిన సెంట్ సీర్ అంతకు ముప్పది సంవత్సరములకు ముందే గతించినాడు. అతడు చేయి పట్టి ఆమెను పైకి చేర్చుచున్న నాటి ఛాయాచిత్రమును వికలాంగుల స్వారి చరిత్ర వ్రాయువారు నేటికిని మొదట ప్రస్తావింతురు. జూబిలీ ప్రసక్తి అందులో తఱచుగా ఉండదు.